హైదరాబాద్ ఆరు లక్షలా, అచ్యుతాపురం నాలుగు ఎనభయ్యా?

గాజువాక కుర్రాడు:
అన్నలూ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి పరవాడ ఫార్మా సిటీలో క్యూసీలో, అంటే మందుల నాణ్యత చూసే ల్యాబ్‌లో, మూడేళ్ల నుంచి చేస్తున్నా. ఇప్పుడు రెండు ఆఫర్లున్నాయి. హైదరాబాద్‌లో సీటీసీ (ఏడాదికి కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు) 6 లక్షలు, అచ్యుతాపురంలో 4.8. ఇక్కడ సొంతిల్లు, అమ్మ ఒక్కతే ఉంటుంది, కంపెనీ బస్సు సందు చివరే ఆగుతుంది. కానీ లక్షా ఇరవై వేలు ఎవడు వదులుకుంటాడ్రా అని ఫ్రెండ్స్ ఒకటే గోల. ఇంకోటి, ఈ రెండూ వాక్‌ఇన్‌కి వెళ్తే వచ్చినవే, ఆన్‌లైన్‌లో రెజ్యూమె పెట్టినచోట ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. మూడు పేజీలుంది, మరి అదేనా తప్పు?

పాత క్యూసీ:
సీటీసీ పక్కన పెట్టు తమ్ముడూ, జీతంలో దేనికెంతో ఆ బ్రేకప్ పెట్టు.

గాజువాక కుర్రాడు:
హైదరాబాద్‌ది: బేసిక్ నెలకి 20 వేలు, వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చేది) ఏడాదికి 60 వేలు, ఇన్సూరెన్స్ 9 వేలు, గ్రాట్యుటీ, కంపెనీ పీఎఫ్ అన్నీ ఆరులోనే కలిపేశారు. అచ్యుతాపురంది బేసిక్ 16 వేలు, వేరియబుల్ లేదు, పీఎఫ్, గ్రాట్యుటీ కలిపే.

పాత క్యూసీ:
చూడు. ఆరు లక్షల్లోంచి వేరియబుల్ 60 వేలు, ఇన్సూరెన్స్ 9 వేలు, బేసిక్‌లో 12 శాతం కంపెనీ పీఎఫ్ 28,800, బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ 11,544 తీసేస్తే నెలకి 40,888. అందులో నీ వాటా పీఎఫ్ 2,400, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 38,288. అదే లెక్కన అచ్యుతాపురంలో సుమారు 35,190. మీ ఫ్రెండ్స్ చెప్పే లక్షా ఇరవై వేలు నెలకి మూడు వేల చిల్లరకి వచ్చింది, దాంతో హైదరాబాద్‌లో హాస్టల్ మంచం కూడా రాదు. పీఎఫ్ ఎలాగూ నీ డబ్బే అనుకో, కానీ గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు నిండితేనే, వేరియబుల్ వాళ్ల దయ. పోయినేడు ఎంత శాతం ఇచ్చారో అక్కడ పనిచేసేవాళ్లని అడుగు, హెచ్‌ఆర్‌ని కాదు.

మధురవాడ అక్క:
నేను రెజ్యూమెలు చూసే పనిలోనే ఉన్నాను, కాబట్టి దాని సంగతి నేను చెప్తా. నాన్న పేరు, పెళ్లయిందా లేదా, హాబీలు, చివర్లో ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’, అన్నీ తీసెయ్యి. ‘హార్డ్ వర్కింగ్’ అని రాయనివాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ‘హెచ్‌పీఎల్‌సీ ఆపరేట్ చేశాను’ అని ఆ టెస్టింగ్ మెషీన్ పేరు చెప్తే చాలదు తమ్ముడూ, ఏ సాఫ్ట్‌వేర్ మీద, రోజుకి ఎన్ని శాంపిల్స్, స్టెబిలిటీయా (మందు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసే టెస్ట్) ఫినిష్డ్ ప్రొడక్టా, ఓఓఎస్ (ఫలితం పరిమితి దాటడం) వస్తే ఇన్వెస్టిగేషన్ నువ్వు రాశావా లేక పక్కన కూర్చున్నావా, ఆడిట్‌లో ఇన్‌స్పెక్టర్ ముందు నువ్వు నిలబడ్డావా, ఇవి రాయి. చెయ్యనిది రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతావు. మూడేళ్ల అనుభవానికి ఒక పేజీ, మరీ అయితే పేజీన్నర. ప్రకటనలో ‘మెథడ్ వాలిడేషన్’ అని ఉండి నువ్వు నిజంగా చేసుంటే అదే మాట నీ పేజీ పైభాగంలో కనబడాలి. కస్టమర్ల పేర్లు మాత్రం రాయకు.

ఎన్‌ఏడీ జంక్షన్:
ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రిజైన్ చెయ్యొద్దు. నోటీసు పీరియడ్ ఎంతో, బాండ్ ఉందో లేదో చూస్కో. నేను ఫోన్‌లో చెప్పిన మాట నమ్మి రిజైన్ చేసేసి రెండు నెలలు ఖాళీగా బీచ్ రోడ్డులో తిరిగాను. పాత పీఎఫ్ డ్రా చెయ్యకు, అదే పీఎఫ్ నంబరు, అంటే యూఏఎన్‌లోకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకో. అచ్యుతాపురంలో షిఫ్టులెలా ఉన్నాయో అడిగావా అసలు?

గాజువాక కుర్రాడు:
ఇప్పుడే ఫోన్ చేశా. నెలకి పది సి షిఫ్టులు, అంటే నైట్ డ్యూటీలంట, లెటర్‌లో ఆ ముక్కే లేదు. రాత్రిపూట అమ్మ ఒక్కతే ఉంటుందనే కదా ఇక్కడే ఉందామనుకున్నది. జనరల్ షిఫ్ట్ ఇస్తే రేపే జాయిన్ అవుతానని మెయిల్ పెట్టా, ఏమంటారో చూడాలి. రెజ్యూమె ఒకటిన్నర పేజీకి వచ్చింది అక్కా, రాత్రికి పెడతా, ఒకసారి చూడండి.