బైబిల్లోని విలాప కీర్తనల (కష్టంలో దేవుడికి మొరపెట్టుకునే పాటల) చివర్లో స్తుతి ఎక్కడి నుంచి వస్తుంది? యాజకుడి మాట వల్లా, నమ్మకం వల్లా?

గోదారిగట్టు:
13వ కీర్తన ఉన్నదే ఆరు వచనాలు. మొదటి రెండింట్లో ఇంకా ఎన్నాళ్లు, ఎంతకాలం అని దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీస్తాడు. తర్వాత రెండింట్లో నావైపు చూడు, జవాబివ్వు, లేకపోతే చచ్చిపోతాను, శత్రువు గెలిచానని చెప్పుకుంటాడు అని బతిమాలతాడు. ఐదో వచనానికొచ్చేసరికి నీ కృపనే నమ్ముకున్నాను, పాట పాడతాను అంటున్నాడు! నాలుగుకీ ఐదుకీ మధ్య ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. 6, 22, 28, 31, 54, 56 చూడండి, వాటిలోనూ ఇదే మలుపు.

1934లో యోహాకిం బేగ్రిష్ అనే జర్మన్ పండితుడు దీనికి ఒక జవాబు చెప్పాడు. ఆలయంలో మొరపెట్టుకున్న మనిషికి యాజకుడు దేవుడి పేరున "భయపడకు" అని చెప్పేవాడనీ, ఆ మాటను పాటలో రాయలేదనీ, అది విన్నాక పాడిందే చివరి భాగమనీ ఆయన వాదన. నాకు ఇది మింగుడుపడటం లేదు. నమ్మకం ఐదో వచనంలో కొత్తగా పుట్టలేదు, ఫిర్యాదులోనే ఉంది. 22వ కీర్తన చూడండి. నన్నెందుకు విడిచిపెట్టావు అని అడిగేవాడు "నా దేవా, నా దేవా" అని పిలిచి మరీ అడుగుతున్నాడు. 4, 5 వచనాల్లో మా పితరులు నిన్ను నమ్ముకున్నారు అని మూడుసార్లు అంటాడు, వెంటనే నేనైతే పురుగును అంటాడు, ఎనిమిదో వచనంలో శత్రువులు వెక్కిరించేదీ ఆ నమ్మకాన్నే. పాటంతా నమ్మకం మీద నడిచిన గొడవే అయినప్పుడు స్తుతి కోసం బయటి నుంచి ఒక మనిషిని తెచ్చి నిలబెట్టడం ఎందుకు?

పాతపుస్తకం:
గోదారిగట్టు గారూ, బేగ్రిష్‌ది గాల్లో కట్టిన మేడ కాదండీ. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం తీయండి. షిలోహు ఆలయంలో బిడ్డలు లేని హన్నా ఏడుస్తూ ప్రార్థిస్తోంది, పెదవులు కదులుతున్నాయి, గొంతు వినపడటం లేదు, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. విషయం తెలిశాక "నెమ్మదిగా వెళ్లు, దేవుడు నీ మనవి దయచేస్తాడు" అన్నాడు. ఆమె వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది. బిడ్డ ఇంకా పుట్టలేదు. మారిందల్లా ఒక మాట వినడమే.

ఇంకొకటి, రెండో దినవృత్తాంతాలు 20వ అధ్యాయం. మోయాబు, అమ్మోను వాళ్లు దండెత్తి వస్తే యూదా రాజు యెహోషాపాతు ఆలయం ముందు ప్రార్థించాడు. అక్కడికక్కడే యహజీయేలు అనే లేవీయుడు (ఆలయ సేవ చేసే గోత్రం వాడు) లేచి భయపడకండి, ఈ యుద్ధం మీది కాదు, దేవుడిది అన్నాడు. మర్నాడు సైన్యం ముందు పాటగాళ్లు నడిచారు, గెలవకముందే స్తుతి మొదలైంది. ఆ యహజీయేలు ఆలయ గాయకుడు ఆసాపు వంశం వాడు. ఆసాపు పేరున్న కీర్తనల్లో 50, 75, 81 చూడండి, మధ్యలో దేవుడే మాట్లాడతాడు. పాటలు పాడే వంశమే దేవుడి మాట కూడా చెప్పేదనడానికి ఇంతకంటే ఏం కావాలి? 12వ కీర్తన ఐదో వచనంలో ఆ జవాబు రాసే ఉంది కూడా.

గోదారిగట్టు:
హన్నా విషయంలో ఒక్కటి గమనించండి. ఆమె ఏం అడిగిందో ఏలీకి చెప్పనేలేదు. ఏలీ మాటలో కొత్త సమాచారం ఏమీ లేదు, ఆమె దాన్ని పట్టుకుని లేచింది. అది నమ్మకం కాక మరేమిటి? పైగా ఆమె స్తుతిగీతం రెండో అధ్యాయంలో ఉంది, బిడ్డ పుట్టి పాలు మాన్పించాక. యెహోషాపాతుది రాజు, సైన్యం, దేశం మొత్తం కూడిన సందర్భం. ఆరో కీర్తనలో రాత్రంతా ఏడ్చి పరుపు తడిపేసుకున్న మనిషి పక్కన ఏ యాజకుడున్నాడండీ? 60వ కీర్తనలో 6 నుంచి 8 వచనాల దాకా దేవుడి మాట ఉంది, అది వినిపించాక కూడా మమ్మల్ని విడిచిపెట్టావు కదా అనే అడుగుతున్నారు. మాట వస్తే స్తుతి వస్తుందన్న లెక్క అక్కడే తప్పింది.

42, 43 కీర్తనలు కలిపి చదవండి. యొర్దాను, హెర్మోను వైపు ఎక్కడో దూరంగా ఉన్నాడు. "నా ప్రాణమా, ఎందుకు కుంగిపోయావు" అని తనకు తనే మూడుసార్లు చెప్పుకున్నాడు. ఇంకెవరూ చెప్పలేదు.

పాతపుస్తకం:
మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. ఆ మూడుసార్లూ అతను "ఇంకా స్తుతిస్తాను" అన్నచోటే ఆగాడు. 13లో లాగా మనసు ఆనందించలేదు. 43లో అడిగేదేమిటి? నన్ను నీ కొండకు, నీ బలిపీఠం దగ్గరికి తీసుకెళ్లు అని. ఆలయానికి దూరంగా ఉన్నవాడికి మాట అందలేదు, అందుకే మలుపు రాలేదు.

ఉప్పాడకెరటం:
మీరిద్దరూ మొక్కుబడి సంగతి ఎందుకు వదిలేశారో నాకు అర్థం కావడం లేదు. చివర్లో కనిపించేది చాలాచోట్ల మొక్కు. 22లో 25వ వచనం, 56లో 12, 116లో రెండుసార్లు, అన్నిట్లో నా మొక్కుబడులు చెల్లిస్తాను అనే ఉంది. బాబిలోనియా వాళ్ల ప్రార్థనల్లో కూడా నన్ను కాపాడు, నీ గొప్పతనం చాటుతాను అని ముగించడం మామూలే.

ఇది నోటిమాట వ్యవహారం కూడా కాదు. లేవీయకాండం ఏడో అధ్యాయం ప్రకారం కృతజ్ఞతాబలి మాంసం ఆ రోజే తినేయాలి, తెల్లారేదాకా ఏమీ మిగలకూడదు. రొట్టెలు కూడా ఉంటాయి, పులిసినవీ పులియనివీ. ఒక జంతువు మాంసం ఒక కుటుంబం ఒక్క రోజులో తినగలదా? పదిమందిని పిలవాల్సిందే. 22లో మొక్కు చెల్లిస్తాను అన్న మరుక్షణం "దీనులు తిని తృప్తి పొందుతారు" అని ఎందుకుందో నాకు అప్పుడు బోధపడింది. స్తుతి అంటే ఊరందరి ముందు, కడుపునిండా భోజనం పెట్టి, నాకు ఈ మేలు జరిగింది అని సాక్ష్యం చెప్పడం. ఆ రోజు వస్తుందని ముందే మాటిస్తున్నాడు.

గోదారిగట్టు:
ఉప్పాడకెరటం గారు చెప్పింది నా వాదనకు బలమే. అప్పు తీరుస్తానని మాటిచ్చేవాడికి చేతికి డబ్బు వస్తుందన్న నమ్మకం ఉండాలి కదా. 27, 40 కీర్తనల్లో వరస తిరగబడింది, ముందు ధైర్యం, స్తుతి, తర్వాత మొర. జవాబు వినడం వల్లే మలుపు వస్తే ఈ రెండింట్లో వెనక్కి ఎందుకు వెళ్లినట్టు?

పాతపుస్తకం:
40 చివరి భాగం ఇంచుమించు అలాగే 70వ కీర్తనగా విడిగా ఉంది, కాబట్టి రెండు పాటలు కలిపారనే అనుకోవాలి. సరే, మరి 88 సంగతేంటి? జవాబు రాలేదు, స్తుతి లేదు, చీకటితో ముగిసింది. నా లెక్కలో అది తేలిగ్గా సరిపోతుంది. మీ లెక్కలోనే కష్టం.

గోదారిగట్టు:
నమ్మకం ఉంటే ప్రతిసారీ స్తుతి రావాలని నేను ఎక్కడా అనలేదండీ. 88 మొదటి వచనం "నా రక్షణకర్తవగు దేవా" అనే మొదలవుతుంది, పదమూడో వచనంలో తెల్లవారగానే మళ్లీ మొరపెడతాడు. వినేవాడు లేడనుకున్నవాడు పొద్దున్నే లేచి పిలవడు. పక్కనే ఉన్న 89 చూడండి, రాజవంశం కూలిపోయిందన్న ఏడుపు తర్వాత 52వ వచనంలో "యెహోవా నిత్యము స్తుతింపబడును గాక, ఆమేన్, ఆమేన్" అని ఉంటుంది. అది కీర్తనల గ్రంథంలో మూడో స్కంధం (భాగం) మొత్తానికి ముగింపుగా కూర్చినవాళ్లు పెట్టిన వచనం. అక్కడ అది పెట్టిన చేతులే 88ని మాత్రం ముట్టుకోకుండా, అలాగే ఆరాధన పాటల్లో ఉంచాయి.