ఒకే డోసు, రెండు స్ట్రెయిన్లు: రేడియేషన్ క్యాన్సర్‌లో జన్యువుల పాత్ర ఎంత?

ప్రశ్న:

నమస్కారం. నేను జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. ఒకే వయసు ఆడ చిట్టెలుకలకు ఒకే డోసు రేడియేషన్ ఇచ్చినా, తెల్లని బాల్బ్-సి స్ట్రెయిన్ (ఒకే వంశంగా పెంచిన రకం) ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వస్తుందనీ, నల్లని సి57 బ్లాక్-6 ఎలుకల్లో అది అరుదనీ చదివాను. మేత, గది, యంత్రం అన్నీ ఒకటే అయినప్పుడు ఈ తేడా జన్యువుల్లోనే ఉండాలి కదా, అది ఏ జన్యువు? నల్ల ఎలుకను రేడియేషన్ క్యాన్సర్‌ను తట్టుకునే స్ట్రెయిన్ అని సెమినార్‌లో చెప్పవచ్చునా?

సమాధానం 1:

బాగా తెలిసినది డీఎన్‌ఏ-పీకేసీఎస్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువు. రేడియేషన్ తాకిడికి డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగినప్పుడు, ఆ కొసలను పట్టుకుని మళ్ళీ అతికించే పనిలో ఈ ఎంజైము ముఖ్యమైనది. బాల్బ్-సి ఎలుకల్లో దీని 2140వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు సిస్టీన్, 3844వ స్థానంలో మెథియోనిన్‌కు బదులు వాలీన్ ఉంటాయి. అందువల్ల ఎంజైము పరిమాణమూ చురుకుదనమూ తగ్గి, తెగిన చోట్లు సరిగా అతుక్కోక, కణం విభజన చెందేకొద్దీ క్రోమోజోములు అస్థిరమవుతాయి. ఇదే జన్యువు దాదాపు పూర్తిగా దెబ్బతిన్న స్కిడ్ ఎలుకల్లో పరిపక్వమైన లింఫోసైట్లే (రోగనిరోధక తెల్ల రక్తకణాలు) ఏర్పడవు. బాల్బ్-సిలో లోపం అంత తీవ్రం కాదు, మామూలు రోజుల్లో అది పైకి కనిపించదు కూడా. రొమ్ము కణాలను ఒక ఎలుక నుంచి మరొకదానికి మార్పిడి చేసిన ప్రయోగాలు కూడా తేడా ఆ కణాల్లోనే ఉందని చూపాయి.

సమాధానం 2:

పై వివరణతో ఏకీభవిస్తాను. కానీ మీ రెండవ ప్రశ్నకు నా జవాబు: దయచేసి అలా చెప్పకండి. అదే నల్ల ఎలుకకు వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు, ప్రతిసారీ సుమారు 1.7 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం) ఇస్తే, చాలావాటికి కొన్ని నెలల్లో ఛాతీలోని థైమస్ గ్రంథిలో లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) వస్తుంది. 1950లలో అమెరికన్ రేడియాలజిస్టు హెన్రీ కాప్లాన్ బృందం దీన్ని విస్తారంగా పరిశీలించింది. రేడియేషన్ ఇచ్చే సమయంలో ఒక్క తొడకు కవచం అడ్డుపెట్టి అక్కడి ఎముక మజ్జను కాపాడితే చాలు, లింఫోమాలు బాగా తగ్గిపోయాయి. దెబ్బ థైమస్‌కు తగిలినా, అది తేరుకోవడం ఎక్కడో కాలిలో ఉన్న మజ్జపై ఆధారపడి ఉందన్నమాట. ఈ రంగంలో నాకు అత్యంత ఆశ్చర్యం కలిగించిన ఫలితం ఇదే.

సిబిఏ అనే స్ట్రెయిన్ ఎలుకల సంగతి మరొకటి. ఒక్కసారి 3 గ్రే ఇస్తే వాటిలో దాదాపు నాలుగో వంతు వరకు మైలాయిడ్ ల్యుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) బారిన పడతాయి, నల్ల ఎలుకలకు మాత్రం అది రాదనే చెప్పాలి. ఆ ల్యుకేమియా కణాల్లో రెండవ క్రోమోజోములో ఒక ముక్క ఊడిపోయి, రక్తకణాల ఎదుగుదలను నడిపే పీయూ.1 జన్యువు ఒక ప్రతి పోతుంది, మిగిలిన ప్రతిలో కూడా చాలాసార్లు 235వ కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల సంకేతం) వద్ద ఉత్పరివర్తనం కనిపిస్తుంది. కాబట్టి ఏ అవయవం, ఏ రకం క్యాన్సర్ అని చెప్పకుండా ఒక స్ట్రెయిన్‌ను బలమైనదనో బలహీనమైనదనో అనడం తప్పు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. స్లైడు మారుస్తున్నాను. ఈ ఫలితాలను మనుషులకు ఎంతవరకు వర్తింపజేయవచ్చో కూడా చెప్పగలరా?

సమాధానం 3:

ఒక ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్ అంటే కనీసం 20 తరాలు అన్నాచెల్లెళ్ళను జతకట్టించి పెంచినది. దానిలోని ఎలుకలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకే ప్రాణి. కనుక రెండు స్ట్రెయిన్లను పోల్చడం ఇద్దరు వ్యక్తులను పోల్చినట్లే తప్ప రెండు జనసమూహాలను పోల్చినట్లు కాదు. అందుకే ఎలుకల శాతాలను మనకు అంటగట్టకూడదు. అయితే జన్యువును బట్టి ముప్పు మారుతుందన్న మాట మనుషుల్లోనూ నిజమే. పుట్టుకతోనే, కణాల అదుపులేని పెరుగుదలను ఆపే ఆర్‌బీ1 జన్యువు ఒక ప్రతి దెబ్బతిన్న పిల్లలకు కంటిలో రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ వచ్చి, దానికి బయటినుంచి రేడియేషన్ ఇచ్చినప్పుడు, కొన్నేళ్ళ తర్వాత కిరణాలు పడిన చోటనే సార్కోమాలు (ఎముక, కండరం వంటి కణజాలాల క్యాన్సర్లు) వచ్చే ముప్పు బాగా పెరిగింది. అందుకే వైద్యులు ఇప్పుడు ఈ పిల్లలకు వీలైనంతవరకు కీమోథెరపీ, లేజర్ వంటి మార్గాలనే ముందుగా ఎంచుకుంటున్నారు.