పెరాక్సైడ్ వేస్తే కణాలు కదలవు, ఈజీఎఫ్ (కణాలను కదిలించే గ్రోత్ ఫ్యాక్టర్) వేస్తే పరుగే. మీకెవరికైనా ఇట్లా అయిందా?

హన్మకొండ_పిపెట్:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు, చర్మకణాల మీద స్క్రాచ్ అస్సే, అంటే కణాల పొర మీద గీత గీసి అది ఎంతలో మూసుకుంటుందో చూడడం. ఈజీఎఫ్ మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు వేస్తే 24 గంటల్లో గీత దాదాపు మూసుకుంటోంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 మైక్రోమోలార్ వేస్తే ఏమీ వేయని కంట్రోల్‌కు తేడానే లేదు. 500 వేస్తే కణాలన్నీ గుండ్రంగా అయిపోయి పైకి తేలుతున్నాయి. ఎన్‌ఏసీ (యాంటీఆక్సిడెంట్) వేస్తే ఈజీఎఫ్ పని కూడా ఆగిపోయింది. పెరాక్సైడ్ సిగ్నలా, విషమా? సోమవారం గైడ్‌కు చూపించాలి, మస్తు టెన్షన్‌గా ఉంది.

ఎనుమాముల_మిర్చి:
ముందు సీరం (కణాలు పెరగడానికి మీడియంలో కలిపే రక్తద్రవం) తీసేశావా చెప్పు. సీరంలోనే పీడీజీఎఫ్ ఉంటుంది, అదీ ఈజీఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టరే. నేను పది శాతం సీరంలోనే ఆరు నెలలు చేసి, అన్నీ ఒకేలా మూసుకుంటున్నాయని ఏడ్చాను. తర్వాత మేడారం జాతరకు నాలుగు రోజులు పోయివచ్చేసరికి ఇంక్యుబేటర్‌కు పెట్టిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఖాళీ. ఆ ఫ్లాస్కుల సంగతి ఇక అడగకు.

జనగామ_సిస్టర్:
విషమా అని అడుగుతున్నారు కదా, మా నాన్న షుగర్ పుండు మీద ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు వారాలు రోజూ అదే పోశాడు. బుసబుస నురగ రాగానే "చూడు బిడ్డా, పనిచేస్తోంది" అనేవాడు. పుండు అంచున సన్నగా గులాబీ పొర వచ్చేది. తెల్లారి కట్టు విప్పితే తెల్లగా పాలిపోయి ఉండేది. మళ్లీ పోసేవాడు.

కాజీపేట_జంక్షన్:
అక్కా, ఆ నురగ ఆక్సిజన్. మన కణాల్లోని క్యాటలేజ్ పెరాక్సైడ్‌ను విరిచేస్తే వచ్చేది. సీసా మీద 3 శాతం అంటే దాదాపు 0.9 మోలార్. జీబ్రాఫిష్ తోక కోసి 2009లో చూసినప్పుడు గాయం అంచున పెరాక్సైడ్ 0.5 నుంచి 50 మైక్రోమోలార్ ఉంటుందని అంచనా వేశారు. ఆ కాస్తకే తెల్లకణాలు గాయం వైపు వచ్చాయి. మీ ఆర్‌ఎంపీ పోసింది దానికి పదిహేను వేల రెట్ల పైనే.

వేయిస్తంభాలు:
నాలుగు పేపర్లు చదవంగనే ఆర్‌ఎంపీని తిట్టుడు ఫ్యాషన్ అయింది. రాత్రి రెండింటికి మా తండాకు మీ జీబ్రాఫిష్ వస్తదా? మా తాత కాలు దానితోనే మానింది.

జనగామ_సిస్టర్:
మానింది దానితోనా, దాన్ని తట్టుకునా? నేను ఆయన్ని తిట్టలేదు. మట్టి పడ్డ గాయం ఒకసారి కడిగితే వేరు, మానుతున్న పుండు మీద రోజూ పోస్తే వేరు. మా నాన్నకు రెండు వేళ్లు తీసేశారు. నాతో వాదన పెట్టుకోకండి.

వేయిస్తంభాలు:
సారీ అక్కా. నాకు తెలియదు.

ఓరుగల్లు_కోట:
ఇదంతా ఎందుకు, పసుపు పెడితే పోయేది. యాంటీఆక్సిడెంట్.

పాత_సెల్‌కల్చర్:
పదిహేనేళ్లుగా ఇదే పని, కొంచెం వినండి. యాంటీఆక్సిడెంట్ అనగానే మంచిదనుకోవద్దు. 1995లోనే రక్తనాళాల నునుపు కండర కణాల మీద చూపించారు: పీడీజీఎఫ్ తగలగానే కణం తానే పెరాక్సైడ్ పుట్టిస్తుంది, లోపల క్యాటలేజ్ పెంచితే కదలిక తగ్గిపోతుంది. ఈజీఎఫ్ దారీ దాదాపు ఇదే. రిసెప్టర్ మేల్కొంటుంది, పీఐ3కే అనే ఎంజైము ద్వారా రాక్ అనే స్విచ్ ప్రోటీన్ వస్తుంది, రాక్ నాక్స్ ఎంజైమును లేపుతుంది. అక్కడ పుట్టిన పెరాక్సైడ్ పీటీపీ1బీ అనే ఎంజైములోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని కాసేపు పనిచేయనివ్వదు. రిసెప్టర్ మీది ఫాస్ఫేటును తీసేసేది అదే కాబట్టి సిగ్నల్ ఆరిపోకుండా నిలుస్తుంది. అసలు విషయం చోటు. ముందుకు సాగే అంచు దగ్గర పుట్టడం వేరు, నువ్వు పైనుంచి ప్లేటంతా పోయడం వేరు. ఇంకోటి, 24 గంటల్లో మూసుకుందంటే అది కదలికా, కణ విభజనా? విభజనను ఆపే మైటోమైసిన్ వేశావా?

ఎనుమాముల_మిర్చి:
ఈ ఉపన్యాసం పోయిన నెల కూడా ఇక్కడే విన్నాం సార్. తమ్ముడూ, ఎన్‌ఏసీ కలిపాక పీహెచ్ సరిచేశావా? మీడియం నిమ్మకాయ రంగుకు తిరిగిందా?

హన్మకొండ_పిపెట్:
తిరిగింది అన్నా. అట్లనే ఉంటుందేమో అనుకున్నా.

ఎనుమాముల_మిర్చి:
అయిపాయె. ఎన్‌ఏసీ ఆమ్లం. కణాలు ఆగింది పులుపుకే కావచ్చు. సోడియం హైడ్రాక్సైడ్‌తో 7.4కు తెచ్చి మళ్లీ చెయ్.

కాజీపేట_జంక్షన్:
మీడియం సీసా మీద పైరువేట్ ఉందేమో చూడు. పెరాక్సైడ్‌ను అది అక్కడికక్కడే మింగేస్తుంది.

హన్మకొండ_పిపెట్:
ఫ్రిజ్ తెరిచి చూశా. సోడియం పైరువేట్, లీటరుకు 110 మిల్లీగ్రాములు. అంటే 1 మిల్లీమోలార్. నేను వేసిన 10కి వంద రెట్లు. రెండు నెలలు దీంట్లోనే చేశా. పైరువేట్ లేనిది ఎవరి దగ్గరైనా ఉందా? కొత్తది ఆర్డర్ పెడితే సోమవారం లోపు రాదు.

కాజీపేట_జంక్షన్:
తెరవని సీసా ఒకటి ఉంది. సాయంత్రం ఆరింటికి స్టేషన్ బయట కలువు. ఐస్ డబ్బా నువ్వే తెచ్చుకో, పోయినసారి ఇచ్చింది ఇంకా తిరిగి రాలేదు.