ప్లేనో సిటీ ఇచ్చే ఫెడరల్ గ్రాంటుకి మా చిన్న సంస్థ అప్లై చేయొచ్చా?

చింతచిగురు:
అందరికీ నమస్కారం. మేం ఎనిమిదిమందిమి కలిసి మూడేళ్ళుగా టెక్సస్‌లోని ప్లేనోలో చిన్న సేవ ఒకటి నడుపుతున్నాం. కారు నడపలేని పెద్దవాళ్ళని మా కార్లలో డాక్టరు దగ్గరికీ, మందుల షాపుకీ, లైబ్రరీకీ తీసుకెళ్ళి తీసుకొస్తాం. గ్యాస్ ఖర్చు మాదే. నెలకోసారి అవసరమున్న ఇళ్ళకి బియ్యం, పప్పు, కూరగాయల సంచులు కూడా ఇస్తాం. 501(సి)(3), అంటే పన్ను మినహాయింపున్న సేవాసంస్థ గుర్తింపు, ఉంది. ఫెడరల్ గవర్నమెంటు ఏటా సిటీకి డబ్బు పంపుతుందనీ, సిటీ దాన్ని ఇళ్ళకీ సేవాసంస్థలకీ పంచుతుందనీ ఈమధ్యే తెలిసింది. పాతిక వేల డాలర్లు వస్తే ఒక వ్యాన్ కొనాలని మా ఆశ. మాలాంటి వాళ్ళకి ఇస్తారా? ఇంతకు ముందు చేసినవాళ్ళెవరైనా ఉంటే దారి చూపించండి. ఒక్క మాట ముందే చెప్పేస్తున్నా, మాలో అకౌంటెంట్ ఎవరూ లేరు, అందరం సాఫ్ట్‌వేరే.

పాత గుమాస్తా:
చిగురు గారూ, నేను వేరే రాష్ట్రంలో ఒక సిటీ ఆఫీసులో ఈ గ్రాంట్ల లెక్కలే పదకొండేళ్ళు చూశాను. తెలిసింది చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీరు విన్నది సి.డి.బి.జి. గురించి, అంటే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. 1974లో ఫోర్డ్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు వచ్చిన చట్టం. హడ్, అంటే వాషింగ్టన్‌లోని గృహనిర్మాణ శాఖ, ఒక ఫార్ములా ప్రకారం పెద్ద నగరాలకీ కౌంటీలకీ ఏటా నేరుగా పంపుతుంది. ఎవరికివ్వాలో సిటీయే తేల్చుకుంటుంది. హోమ్ అనే ఇంకో నిధి 1990 చట్టంతో వచ్చింది, అది పూర్తిగా ఇళ్ళ కోసమే. ప్లేనోకి రెండూ వస్తాయి. మీ పనికి రెండోది పనికిరాదు, దాన్ని మర్చిపోండి.

ఇక మొదటిదాంట్లో అసలు చిక్కు. సేవల మీద సిటీ పెట్టగలిగేది స్థూలంగా ఆ ఏటి గ్రాంటులో 15 శాతమే. ఆఫీసు నిర్వహణకి 20 శాతం దాకా పోతుంది. మిగతాది ఇళ్ళ మరమ్మతులు, కాలిబాటలు, డ్రైనేజీ లాంటి వాటికి. ఉదాహరణకి ఒక ఊరికి 12 లక్షల డాలర్లు వచ్చాయనుకుందాం. సేవలకి మిగిలేది లక్షా ఎనభై వేలు. దానికోసం ఇళ్ళులేనివాళ్ళ షెల్టరు, గృహహింస బాధితుల సంస్థ, పిల్లల క్లినిక్, ఫుడ్ ప్యాంట్రీ ఇలా ఇరవై ఏళ్ళనుంచి పాతుకుపోయినవాళ్ళు వరసలో ఉంటారు. మీరు వెనకాల నిలబడతారు. నిరుత్సాహపరచాలని కాదు, వరస ఎంత పొడుగో తెలిసి నిలబడితే మంచిదని.

ప్లేనోలో మీకు కలిసొచ్చే సంగతి ఇంకోటుంది. బఫింగ్‌టన్ కమ్యూనిటీ సర్వీసెస్ గ్రాంట్ అని సిటీ తన సొంత ఖజానా నుంచి, జనాభాలో తలకి 2 డాలర్ల లెక్కన పక్కన పెట్టే డబ్బు. 2020 జనగణనలో ప్లేనో జనం 2,85,494, ఆ లెక్కన ఐదున్నర లక్షల పైమాటే. ఇది ఫెడరల్ డబ్బు కాదు కాబట్టి పై 15 శాతం గొడవ దీనికి లేదు. కమ్యూనిటీ రిలేషన్స్ కమిషన్ అనే పౌరుల సంఘం అప్లికేషన్లు చదివి, సంస్థల్ని పిలిచి విని, సిటీ కౌన్సిల్‌కి సిఫార్సు చేస్తుంది. మొదటిసారి కాబట్టి దీనిమీద గురి పెట్టండి.

వ్యాన్ మాట ఎత్తొద్దు. ఫెడరల్ డబ్బుతో కొన్న బండి పేరుకే మీది. అమ్మాలన్నా, వేరే పనికి వాడాలన్నా అనుమతి కావాలి. డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు, మైళ్ళ ఖర్చు అడగండి.

ఎర్రమట్టి:
బాబాయ్ గారు చెప్పిందంతా నిజమే. ఆయన చెప్పని నొప్పి నేను చెబుతా. ఈ డబ్బు ముందుగా ఇవ్వరు. మీరు ఖర్చు పెట్టి, రసీదులు పంపితే, వాళ్ళు చూసి తిరిగిస్తారు.

మాది వేరే ఊరు, పిల్లలకి ట్యూషన్ చెప్పే సంస్థ, పేరు వద్దులెండి. 18 వేల డాలర్లు శాంక్షన్ అయిందని ఎగిరి గంతేశాం, స్వీట్లు కూడా పంచాం. అక్టోబర్ 1 నుంచి గ్రాంట్ సంవత్సరం మొదలు. ఒప్పందం మీద సంతకాలు అయ్యేసరికి జనవరి. మొదటి బిల్లు పంపితే వెనక్కొచ్చింది, రెండోసారీ వచ్చింది. చేతికి చెక్కు అందేసరికి ఏప్రిల్. ఈలోపు ట్యూటరు జీతాలు మా ట్రెజరర్ క్రెడిట్ కార్డు మీద నడిచాయి. ఆయన భార్య ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

వెనక్కెందుకొచ్చిందో వినండి. ఒక రసీదు మీద పిల్లల నోటుపుస్తకాలతోపాటు మావాడి ఇంటికి కొన్న బట్టల సబ్బుపొడి ఉంది. గీత కొట్టి పంపితే కుదరదన్నారు. ఇంకో మూడు రసీదులు ఎండలో కారు డాష్‌బోర్డు మీద ఉండి తెల్లకాగితాలైపోయాయి. ఆ కాగితం మీది అచ్చు ఎండకి వెలిసిపోతుంది. కొన్న నిమిషంలో ఫోటో తీసుకోండి, దుకాణం బయట నిలబడి తీసుకోండి.

కనీసం ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటేనే ఇందులో దిగండి. లేకపోతే ఒక ఏడాది ఆగండి.

చింతచిగురు:
అమ్మో. మా బ్యాంకులో ఉన్నది 4,100 డాలర్లు. ఆదాయం రుజువులు కూడా అడుగుతారని ఎక్కడో చదివాను. మేం తీసుకెళ్ళే పెద్దవాళ్ళని మీ జీతమెంత, పే స్టబ్ చూపించండి అంటే రేపట్నుంచి కారెక్కరు. మొహమాటంతో చచ్చిపోతారు.

పాత గుమాస్తా:
అక్కడే మీకో పెద్ద వెసులుబాటు ఉంది. చాలామందికి తెలియక దాటేస్తారు.

సి.డి.బి.జి. సేవల్లో మామూలుగా లబ్ధిదారుల్లో కనీసం 51 శాతం మంది ఆదాయం, ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉండాలి. ఇంటిల్లిపాది ఆదాయం లెక్క. కానీ కొన్ని వర్గాలని హడ్ ముందే తక్కువ ఆదాయం వాళ్ళుగా భావించేస్తుంది. వృద్ధులు, తీవ్ర వైకల్యం ఉన్న పెద్దలు, ఇళ్ళులేనివాళ్ళు, గృహహింస బాధితులు, చదువురాని పెద్దలు, వలస వ్యవసాయ కూలీలు, ఇలా. వృద్ధులంటే 62 ఏళ్ళు నిండినవాళ్ళు. మీ రవాణా సేవ వాళ్ళకి మాత్రమే అని అప్లికేషన్‌లో రాస్తే వయసు రుజువు చాలు. ఆదాయం అడగక్కర్లేదు. అదే బియ్యం సంచుల పంపిణీ కలిపితే ప్రతి ఇంటికీ ఆదాయం ఫారం నింపాలి. అందుకని రెండూ కలిపి ఒకే అప్లికేషన్ పెట్టకండి. రవాణా ఒక్కటే పెట్టండి. సంచులు మీ చందాలతో నడుపుకోండి.

అదే ఊపులో ఇంకోటి. ఎవరికైనా ఇబ్బందని ఈ డబ్బులోంచి చేతికి నగదు ఇవ్వకూడదు. అద్దె, కరెంటు బిల్లు లాంటివి అత్యవసరంగా కట్టాలంటే వరసగా 3 నెలల వరకు, అదీ ఇంటి ఓనరుకో కంపెనీకో నేరుగా కట్టాలి.

సందేహాల బాబు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ అక్కా. ఇది మన తెలుగువాళ్ళకే చేస్తున్నారా? మా గుడి కమిటీవాళ్ళు కూడా ఇదే ఆలోచనలో ఉన్నారు. గుడి పేరు మీద అడగొచ్చా?

పాత గుమాస్తా:
గుడి, చర్చి, మసీదు ఎవరైనా అడగొచ్చు, నిషేధం లేదు. పూజ, ప్రవచనం మాత్రం ఆ సేవతో కలవకూడదు. వేరే సమయంలోనో వేరే చోటో జరగాలి, రావడం వాళ్ళ ఇష్టం అయ్యుండాలి. భోజనం పెట్టేముందు అందరిచేతా శ్లోకం చెప్పిస్తాం అంటే కుదరదు.

తెలుగువాళ్ళకే అంటే అసలు కుదరదు. పక్కింటి వియత్నామీ ముసలాయన ఫోన్ చేస్తే ఆయన్నీ ఎక్కించుకోవాలి. మీరు తెలుగులో మాట్లాడగలరన్నది అప్లికేషన్‌లో బలంగా రాయండి, అది మీ ప్రత్యేకత. తలుపు మాత్రం అందరికీ తెరిచి ఉండాలి.

చింతచిగురు:
అది ఇబ్బంది లేదండీ, ఇప్పటికే ఇద్దరు గుజరాతీ బామ్మలూ ఒక మెక్సికన్ తాతగారూ వస్తున్నారు. తాతగారికి మా ఆవకాయ అలవాటైంది. కానీ పిల్లల్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ సంగతి?

పాత గుమాస్తా:
సిటీ డబ్బు సిటీ నివాసుల కోసం. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ ట్రిప్పులు మీ సొంత డబ్బుతో చేయండి, గ్రాంటు లెక్కలోకి రానివ్వకండి. గ్రీన్‌కార్డు మీద, వేరే స్టేటస్ మీద ఉన్నవాళ్ళ విషయం ఒప్పందం మీద సంతకం చేయకముందే సిటీ సిబ్బందిని ఈమెయిల్‌లో అడిగి, ఈమెయిల్‌లోనే జవాబు తెచ్చుకోండి. ఫోన్లో చెప్పింది ఆడిట్‌లో నిలబడదు.

వరంగల్ మామ:
నాదో చిన్న ప్రశ్న. మా తమ్ముడికి ఊళ్ళో ఆవాస్ యోజన కింద కేంద్రం వాటా లక్షా యాభై వేలు విడతలవారీగా పడ్డాయి. పునాది ఫోటో, గోడల ఫోటో, స్లాబు ఫోటో. అధికారి వచ్చి ఫోన్లో తీసుకుపోయేవాడు. ఇక్కడ కూడా ఇల్లు కొనేవాళ్ళకి సిటీ డౌన్ పేమెంట్ ఇస్తుందట కదా. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలే, అడగొచ్చా?

ఎర్రమట్టి:
మామా, ఇద్దరివీ ఐటీ జీతాలైతే ఫారం డౌన్‌లోడ్ కూడా చేయొద్దు.

పాత గుమాస్తా:
నవ్వులాటకి అన్నా నిజమే. హోమ్ డబ్బుతో ఇచ్చే సాయానికి ఇంటి మొత్తం ఆదాయం మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు. కొనే ఇంటి ధరకీ ఒక హద్దుంది. ఇల్లు కొనేముందు కౌన్సెలింగ్ క్లాసు తప్పదు, అందులోనే ఉండాలి, అద్దెకివ్వకూడదు. ఎంత సాయం తీసుకున్నారన్నదాన్నిబట్టి 5 నుంచి 15 ఏళ్ళు ఆ షరతు ఇంటిమీద ఉంటుంది. మధ్యలో అమ్మితే డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చు. డేకేర్‌లోనో కిరాణా కొట్టులోనో పనిచేస్తూ నలుగురు పిల్లల్ని పెంచుతున్న కుటుంబం మీకు తెలిస్తే వాళ్ళకి చెప్పండి. మన సమాజంలో ఆ సంగతి వాళ్ళదాకా చేరదు.

మీ తమ్ముడి ఇంటికీ దీనికీ తేడా అక్కడే. అక్కడ లబ్ధిదారు ఖాతాలోకి నేరుగా పడుతుంది. ఇక్కడ మధ్యలో సిటీ, దాని కింద సంస్థ. లెక్క చెప్పే భారం సంస్థది.

ఎర్రమట్టి:
చిగురు అక్కా, కాగితాల విషయం మర్చిపోకండి. యు.ఇ.ఐ. నంబరు కావాలి, అంటే ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థకి ఉండాల్సిన గుర్తింపు సంఖ్య. సామ్ అనే ఫెడరల్ గవర్నమెంటు వెబ్‌సైట్‌లో ఉచితం. సిటీ కింద తీసుకునే సంస్థకి ఆ నంబరు ఒక్కటే సరిపోతుంది, పూర్తి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మూడొందల డాలర్లిస్తే చేసిపెడతామని ఈమెయిళ్ళు వస్తాయి, అవన్నీ మోసం. మా సంస్థ పెట్టినప్పటి అడ్రసు మా సెక్రటరీ పాత అపార్ట్‌మెంటు. స్టేటు కాగితాల్లో అది, బ్యాంకులో ఇంకోటి. రెండూ కలవక ఐదు వారాలు పట్టింది. ఇవాళే మీ అడ్రసులన్నీ ఒకటేనా చూసుకోండి.

ఏడాదికి 50 వేల డాలర్ల లోపు రాబడి ఉంటే ఐ.ఆర్.ఎస్.కి, అంటే ఇక్కడి పన్నుల శాఖకి, ఏటా వేసే చిన్న రిటర్ను 990-ఎన్, పది నిమిషాల పని. వరసగా మూడేళ్ళు వేయకపోతే 501(సి)(3) దానంతటదే రద్దవుతుంది. మీకు మూడేళ్ళన్నారు కదా, వేశారా?

చింతచిగురు:
ఇప్పుడే చూశా. ఒక్క ఏడాదిదే వేశాం. ట్రెజరర్‌కి ఫోన్ చేస్తున్నా. థాంక్స్ తమ్ముడూ, గుండె ఆగింది.

(మూడు వారాల తర్వాత)

చింతచిగురు:
అప్‌డేట్. 990-ఎన్ పని పూర్తయింది. రెండేళ్ళే తప్పాయి కాబట్టి స్టేటస్ ఉంది. ఈ ఏడు సొంతంగా అప్లై చేయకూడదని తేల్చుకున్నాం. పెద్దవాళ్ళ కోసం పనిచేసే ఒక పెద్ద సంస్థ ఇక్కడే ఉంది. వాళ్ళ అప్లికేషన్‌లో మేం భాగస్వాములుగా చేరతాం, తెలుగు, హిందీ మాట్లాడే డ్రైవర్లని మేం ఇస్తాం. డబ్బు వాళ్ళు ఖర్చుపెట్టి వాళ్ళే వసూలు చేసుకుంటారు. ఈలోపు రికార్డులు నేర్చుకోమన్నారు. మా ట్రిప్పుల పుస్తకంలో ఇప్పుడు ఇలా ఉంది: "మంగళవారం, తాతగారు, హాస్పిటల్, 11 మైళ్ళు." సరిపోతుందా?

పాత గుమాస్తా:
మంచి నిర్ణయం. పుస్తకం మాత్రం సరిపోదు. తేదీ సంవత్సరంతో సహా రాయండి. తాతగారికి ఒక నంబరు ఇవ్వండి, పేరూ వయసు రుజువూ అడ్రసూ వేరే ఫైల్లో తాళం వేసి పెట్టండి. బయల్దేరినప్పుడు ఓడోమీటరు అంకె, చేరినప్పుడు అంకె, రెండూ. నడిపినవాళ్ళ సంతకం, తాతగారి సంతకం. ఏ జబ్బుకి వెళ్ళారో రాయొద్దు, అది మనకనవసరం. జాతి వివరం మాత్రం హడ్ నివేదికలో అడుగుతుంది, చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి.

స్వచ్ఛందంగా నడిపేవాళ్ళకి మైలుకి 14 సెంట్లు దాటి ఇస్తే ఆ పైది వాళ్ళ ఆదాయం కింద లెక్క. ఉద్యోగులకి వాడే మైలు రేటు వేరు, దాన్ని వీళ్ళకి వాడకండి.

చింతచిగురు:
ఒక్క సమస్య. మా అమ్మమ్మగారొకరికి పుట్టినరోజు తెలియదు. గోదావరి వరదలొచ్చిన ఏడు శ్రావణమాసంలో పుట్టానంటారు. పాస్‌పోర్టులో జూలై 1 అని ఉంది. ఆవిడ మాత్రం అది బళ్ళో మాస్టారు రాసింది, తప్పు, నేను సంతకం చెయ్యను అంటున్నారు.

పాత గుమాస్తా:
పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టండి, జూలై 1 అనే రాయండి. ఏ లెక్కన చూసినా 62 దాటినట్టే కదా. మాస్టారి తప్పు సంగతి ఆవిడకి కారులో చెప్పుకోనివ్వండి. పదకొండు మైళ్ళు సరిపోతాయి.