చివరి ఏడాది సబ్జెక్టులు: మ్యాథ్స్ వదిలేయాలా, ఉంచుకోవాలా?

నీలిపెన్

అందరికీ నమస్తే. స్కూల్లో చివరి మెట్టుకి వచ్చాను, ఇంకో పది రోజుల్లో సబ్జెక్టుల ఫారం ఇచ్చేయాలి. భాష అందరికీ తప్పనిసరి, అది కాక నాలుగు మనమే ఎంచుకోవాలి. బయాలజీ, కెమిస్ట్రీ గురించి నాకు అనుమానమే లేదు, రెండూ ఇష్టం. మిగతా రెండు గళ్ళ దగ్గరే వారం రోజులుగా ఆగిపోయాను. మ్యాథ్స్, ఫిజిక్స్, సైకాలజీ, ఆర్ట్. ఈ నాలుగింట్లో రెండు.

నాన్న మ్యాథ్స్, ఫిజిక్స్ తీసేసుకో, ఏ దారీ మూసుకుపోదు అంటారు. అమ్మ నీకు నచ్చినవే తీసుకో అంటుంది కానీ, కాసేపు ఆగి "రేపు డాక్టర్ అవ్వాలనిపిస్తే ఎలా మరి" అని మళ్ళీ తనే అడుగుతుంది. ఫ్రెండ్స్ ఏమో మార్కులు వచ్చేవి తీసుకో, కాలేజీవాళ్ళు చూసేది మొత్తం పర్సెంటేజే అంటున్నారు. పోయినసారి నాకు మ్యాథ్స్‌లో వందకి 61 వచ్చాయి, మిగతా అన్నిట్లో 80 దాటాయి. ఆ పరీక్ష ముందు రోజు రాత్రి నాకు నిద్ర పట్టదు, అంత టెన్షన్.

ఏమవుతావు అని అడిగితే నా దగ్గర ఒక్క జవాబు లేదు. మెదడు గురించి చదవడం మాత్రం చాలా ఇష్టం. జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, ఎందుకు మర్చిపోతాం, ఇలాంటివి ఎంతసేపైనా చదువుతాను. అది సైకాలజీ అవుతుందో, న్యూరోసైన్స్ అవుతుందో, మెడిసిన్ అవుతుందో తెలియదు. బొమ్మలు బాగా వేస్తాను, ముఖ్యంగా మైక్రోస్కోప్‌లో చూసినవి వేయడం ఇష్టం. మ్యాథ్స్ వదిలేసి సైకాలజీ, ఆర్ట్ తీసుకుందామని మనసు లాగుతోంది. అది ఇష్టం వల్లో, మ్యాథ్స్ అంటే భయం వల్లో నాకే తేలట్లేదు. ఈ దారిలో నడిచిన అక్కలు, అన్నయ్యలు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

గ్రాఫ్‌పేపర్

తమ్ముడివో చెల్లివో తెలియదు, నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

నేను చదివింది బయాలజీ. ఇప్పుడు చేస్తున్నది జబ్బుల లెక్కలు. అంటే ఏ వయసువాళ్ళకి ఏది ఎక్కువ వస్తోంది, మందు వల్లే తగ్గిందా, దానంతట అదే తగ్గిందా అని డేటా పెట్టుకుని తేల్చే పని. స్కూల్లో ఉన్నప్పుడు బయాలజీకీ లెక్కలకీ సంబంధం లేదనే అనుకునేవాణ్ణి. నీకు మర్చిపోవడం గురించి ఇష్టం అన్నావు కాబట్టి చెప్తున్నా, ఆ విషయం మీద మొదటిసారి గట్టిగా ప్రయోగం చేసినవాడు ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు, 1885లో పుస్తకం వేశాడు. అర్థం లేని చిన్న చిన్న అక్షరాల ముక్కలు తనే కంఠస్థం చేసి, కొంత వ్యవధి ఇచ్చి, మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత తక్కువ సమయం పట్టిందో కొలుచుకున్నాడు. మర్చిపోవడం మొదట్లో గబగబా జరిగి, తర్వాత నెమ్మదిస్తుందని గీత గీసి చూపించాడు. ఆ గీతకి లాగరిథమ్‌తో ఒక సూత్రం కూడా రాశాడు. నీకు ఇష్టమైన విషయం పుట్టిందే లెక్కతో. సైకాలజీ డిగ్రీలో చేరినవాళ్ళు చాలామంది మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ పేపర్ చూసి కంగారుపడతారు, ఇది ఎవరూ ముందు చెప్పరు.

ఇక నీ ఫారం సంగతి. కెరీర్ ఏదో ఇప్పుడే తేలనక్కర్లేదు, నీకు ఊహ ఉన్న మూడు కోర్సులు చాలు. ఒక్కో కోర్సుకి రెండు మూడు కాలేజీల అర్హతల పేజీ తెరువు. అందులో "తప్పనిసరి" అని ఉన్నది వేరు, "ఉంటే మంచిది" అని ఉన్నది వేరు, రెండూ విడివిడిగా రాసుకో. మెడిసిన్‌కి కెమిస్ట్రీ, బయాలజీ దాదాపు ఎక్కడైనా అడుగుతారు. ఫిజిక్స్ కూడా ఉండి తీరాలి అనే చోట్లున్నాయి, ఫిజిక్స్ గానీ మ్యాథ్స్ గానీ ఒకటి చాలు అనే చోట్లూ ఉన్నాయి. ఇంజనీరింగ్‌కి చాలా చోట్ల మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ కావాలి. కంప్యూటర్ సైన్స్‌కి స్కూల్లో కంప్యూటర్ చదివావా అన్నదానికన్నా మ్యాథ్స్ చదివావా అనే ఎక్కువగా చూస్తారు. సైకాలజీ డిగ్రీకి మాత్రం స్కూల్లో సైకాలజీ చదివి ఉండాలనే నియమం చాలా చోట్ల ఉండదు, కాలేజీలో ఓనమాల నుంచే మొదలుపెడతారు.

ఈ చివరి మాట గట్టిగా పట్టుకో. సైకాలజీ ఇప్పుడు వదిలినా కాలేజీలో అందుకోవచ్చు. మ్యాథ్స్ ఒక మెట్టు వదిలేస్తే పై మెట్టు అందదు, ఎందుకంటే అక్కడ కిందటి పాఠం వచ్చు అనుకునే తర్వాతిది చెప్తారు.

మధ్యవరుస

గ్రాఫ్‌పేపర్ గారు చెప్పింది తప్పు అనను కానీ, రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

మా ఇంట్లో కూడా ఇదే మాట, దారులు మూసుకుపోకూడదు, అని. నాకు బొత్తిగా ఇష్టం లేని ఫిజిక్స్ తీసుకున్నాను. దానికి రోజుకి మూడు గంటలు పెట్టినా అంతంతమాత్రంగానే వచ్చేది, ఆ మూడు గంటలు మిగతావాటి నుంచి లాక్కున్నవే కదా, చివరికి నాకు బాగా వచ్చిన బయాలజీలో కూడా మార్కులు పడిపోయాయి. తెరిచి పెట్టుకున్న దారి ఒకటి కూడా నేను నడిచింది లేదు. స్కూలువాళ్ళని సబ్జెక్టు మార్చుకుంటానని అడిగితే గడువు అయిపోయిందన్నారు, ఏడాదంతా అలాగే ఈదాను. కాబట్టి ఫారం ఇచ్చే ముందు ఒక్కటి అడిగి పెట్టుకో, మొదటి నెలలో మార్చుకోవచ్చా, ఏ తేదీ వరకు? ఇది చాలామంది అడగరు.

ఇంకోటి, ఆర్ట్‌ని ఊరికే కాలక్షేపం కింద కొట్టేయకండి. నేను ఇప్పుడు చేసేది వైద్య పుస్తకాలకి, ఆపరేషన్ వివరించే వీడియోలకి బొమ్మలు వేసే పని. బయాలజీ తెలియకపోతే ఈ పని చేయలేం, చెయ్యి తిరగకపోయినా చేయలేం. నీకు మెదడు ఇష్టం, మైక్రోస్కోప్‌లో చూసి బొమ్మలు వేస్తాను అన్నావు చూడు, అది చదవగానే నాకు రామోన్ ఇ కహాల్ అనే స్పెయిన్ శాస్త్రవేత్త గుర్తొచ్చాడు. చిన్నప్పుడు చిత్రకారుడు అవ్వాలనుకున్న మనిషి ఆయన. న్యూరాన్లని, అంటే నాడీకణాలని, మైక్రోస్కోప్‌లో చూసి చేత్తో గీసి, అవి ఒకదానికొకటి అతుక్కుపోయిన వల కాదు, దేనికది విడి కణం అని వాదించాడు. 1906లో నోబెల్ వచ్చింది, అది కూడా వల అని నమ్మిన గోల్జీ అనే శాస్త్రవేత్తతో కలిపి. ఆ బొమ్మలు వెతికి చూడు, ఇవాళ్టికీ పుస్తకాల్లో వాడుతున్నారు.

అయితే ఒక హెచ్చరిక. ఆర్ట్ సబ్జెక్టుగా తీసుకుంటే ప్రాజెక్టు పని విపరీతంగా టైం తింటుంది, బయాలజీ, కెమిస్ట్రీ రికార్డులు కూడా అప్పుడే నెత్తిమీదికి వస్తాయి. డిజైన్ కాలేజీలు ఎక్కువగా చూసేది మనం వేసిన బొమ్మల ఫైలు, అది సబ్జెక్టు తీసుకోకుండా కూడా కూడబెట్టుకోవచ్చు.

రెండోప్రయత్నం

పర్సెంటేజ్ కోసం మ్యాథ్స్ వదిలేసిన మనిషిని నేనే. మొత్తం బాగానే వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. ఆ తర్వాత ఏడాదికి ఎకనామిక్స్ చదవాలనిపించింది, కోర్సుల పేజీలు తెరిస్తే నేను కోరుకున్న ప్రతి చోటా మ్యాథ్స్ తప్పనిసరి అని ఉంది. అప్పటి దాకా ఎకనామిక్స్ అంటే వార్తల్లో చెప్పేలాంటి మాటలే అనుకున్నా, లోపల అంతా కాలిక్యులస్ అని తెలియదు. ఒక ఏడాది ఆగి, మ్యాథ్స్ ఒక్కటీ విడిగా రాసి, తర్వాత చేరాను. అప్పుడు వచ్చింది. భయం తగ్గాక వచ్చింది, అంతకుముందు రాకపోవడానికి కారణం నా తెలివి కాదు. ఆ ఏడాది నాకు చాలా కష్టంగా గడిచింది, తోటివాళ్ళంతా ముందుకెళ్ళిపోయారు, అందుకే రాస్తున్నా. ఫ్రెండ్స్ చెప్పిన పర్సెంటేజ్ మాట ఒక్కటే నమ్మొద్దు, తప్పనిసరి సబ్జెక్టు లేకపోతే 95 వచ్చినా అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది.

సుద్దముక్క

మ్యాథ్స్ టీచర్‌ని, కాబట్టి మ్యాథ్స్ తీసుకోమంటాననే అనుకుంటావేమో. తీసుకోమనీ అనను, వద్దనీ అనను. నువ్వు అడిగిన ప్రశ్నలో అసలు విషయం చివర్లో ఉంది, ఇష్టమా భయమా తేలట్లేదు అన్నావు కదా. అది కూర్చుని ఆలోచిస్తే తేలదు నాన్నా, కాగితం మీద తేలుతుంది.

61 వచ్చిన ఆ పేపర్ ఉందా? తీసి ముందు పెట్టుకో. 39 మార్కులు పోయాయి. ఎర్ర గీత పడ్డ ప్రతి చోటా పక్కన ఒక అక్షరం వెయ్యి. పద్ధతి తెలిసి, మధ్యలో లెక్క తప్పితే "త". తెలిసినా టైం చాలక వదిలేస్తే "వ". అసలు అర్థమే కాకపోతే "అ". పెన్సిల్‌తో వెయ్యి, మొదటిసారి మనం మన మీద జాలిపడి "అ" బదులు "త" వేసేస్తాం, రెండోసారి చూసి దిద్దుకోవాలి. ఏ అక్షరం కింద ఎన్ని మార్కులో కూడు. "అ" లు 25 దాటితే మనం వేరే మాట మాట్లాడుకుందాం, అప్పుడు పై క్లాసు మ్యాథ్స్ నిజంగానే బరువు అవుతుంది. "త" లు ఎక్కువుంటే మాత్రం నువ్వు భయపడుతున్నది మ్యాథ్స్‌కి కాదు.

చాలా ఏళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను. పెద్ద క్లాసుల్లో పిల్లలు తప్పేది కాలిక్యులస్‌లో అని అందరూ అనుకుంటారు, నేను చూసినంతలో ఎక్కువ తప్పులు అంతకు మూడేళ్ళ ముందు నేర్చుకున్న ఆల్జీబ్రాలో. బ్రాకెట్ ముందు మైనస్, భిన్నం కింద భిన్నం, అలాంటివి.

ఇంకొక పని. రాబోయే ఏడాది పుస్తకాలు ఎవరి దగ్గరన్నా అడిగి తెచ్చుకుని, నువ్వు అనుకుంటున్న నాలుగు సబ్జెక్టుల్లోనూ మధ్యలో ఒక్కో పాఠం చదువు. మొదటి పాఠం వద్దు, అది ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది. చివర ప్రశ్నలు రెండు రాసి చూడు. సైకాలజీ అనగానే నీ మనసులో ఉన్నది చదివే ఆనందం, పరీక్షలో రాయాల్సింది వేరు, అది కూడా నచ్చితే హాయిగా తీసుకో. అలాగే పోయిన ఏడాది టీచర్ బాగా చెప్పారని ఒక సబ్జెక్టు నచ్చి ఉండొచ్చు, కసురుకున్నారని ఇంకోటి నచ్చక ఉండొచ్చు. టీచర్లు మారతారు, సబ్జెక్టు మనతోనే ఉంటుంది.

నీలిపెన్

ఆరు రోజులైంది, మధ్యలో రాయలేదు, సారీ. అందరూ చెప్పినవి ఒక్కోటీ చేసి వచ్చాను.

ముందు సుద్దముక్క గారి పని. రెండుసార్లు చూశాను, మీరన్నట్టే మొదటిసారి నా వైపు మొగ్గు చూపించాను. దిద్దుకున్నాక తేలింది ఇది: "త" 17, "వ" 9, "అ" 13. ఆ 17 లో ఆరు చోట్ల ఒకే తప్పు. బ్రాకెట్‌లో x మైనస్ 3 ఉండి బయట మైనస్ ఉంటే, బ్రాకెట్ తీసేసి మైనస్ x మైనస్ 3 అని రాశాను. ప్లస్ 3 రావాలి కదా! ఆరుసార్లూ అదే. ఒక లెక్కలో పైన డిఫరెన్షియేషన్ అంతా కరెక్ట్‌గా చేసి, ఈ ఒక్క లైన్ దగ్గర తప్పి, అక్కడి నుంచి ఒక పేజీ మొత్తం తప్పు జవాబు వెంట పోయాను. ఆ పేజీ చూస్తే ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నా. అప్పుడు మార్కు చూసి మడిచి పెట్టేశాను, లోపల ఏముందో ఇన్నాళ్ళూ చూడలేదు.

తర్వాత అర్హతల పేజీలు. సైకాలజీ, న్యూరోసైన్స్, మెడిసిన్, మూడింటికీ మూడేసి చూశాను. సైకాలజీ స్కూల్లో చదివి ఉండాలని మూడింట్లో ఒక్కటీ అడగలేదు. న్యూరోసైన్స్‌కి రెండు చోట్ల మ్యాథ్స్ "ఉంటే మంచిది" అని ఉంది. మెడిసిన్‌లో ఒక చోట ఫిజిక్స్ తప్పనిసరి, రెండు చోట్ల ఫిజిక్స్ లేదా మ్యాథ్స్. ఆ ఫిజిక్స్ తప్పనిసరి అన్న చోటు గురించి నాన్నతో మాట్లాడాను. అది వదులుకోవడం నాకు సరేనా అని అడిగారు, సరే అన్నాను. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. ఆ కాగితం మీద నేను రాసుకున్న పట్టిక చూసి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మ్యాథ్స్ ఉంచుకుంటున్నావు కదా, చాలు అన్నారు.

కాబట్టి బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఆర్ట్. మధ్యవరుస గారూ, మార్చుకునే గడువు అడిగాను, క్లాసులు మొదలైన మూడు వారాల వరకు ఉందట. ఆర్ట్ ప్రాజెక్టు, ల్యాబ్ రికార్డులు మరీ మీద పడితే అప్పుడు సైకాలజీకి మారతాను. కహాల్ బొమ్మలు చూశాను, రెటీనా బొమ్మ ఒకటి చూసి మూడు రోజులుగా వేస్తున్నాను, ఇంకా పూర్తి కాలేదు.

ఒక్కటే మిగిలింది. ఆ 13 "అ" మార్కుల గురించి ఇంకా భయంగానే ఉంది.

సుద్దముక్క

39 లో 13 అంటే నేను అనుకున్నదానికన్నా చాలా తక్కువ. అవి ఏ పాఠాలవో రాయలేదు నువ్వు. ట్రిగొనామెట్రీ, ప్రాబబిలిటీ ఈ రెంట్లో ఏదో ఒకటే ఎక్కువగా ఉంటుందని నా అంచనా. పాఠం పేరు, ఏ లైన్ దగ్గర ఆగిపోయావో, ఇక్కడే రాయి. క్లాసులు మొదలయ్యేలోపు ఒక్కొక్కటీ చూద్దాం. ఈలోపు బ్రాకెట్ ముందు మైనస్ వచ్చిన ప్రతిసారీ, బ్రాకెట్ తీసేముందు లోపలి ప్రతి గుర్తు మీదా వేలు పెట్టి మార్చు. వారం రోజులు చేస్తే తర్వాత వేలు అక్కర్లేదు.