ముగ్గుతో సౌష్ఠవం, కలంకారీతో రసాయనం: పాఠం అందులోంచే రావాలంటే ఎలా చేయాలి?

ప్రశ్న | లెక్కల పీరియడ్

7వ తరగతికి సౌష్ఠవం ముగ్గులతో చెప్పాలనుకుంటున్నాను. 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్. చార్టు మీద ముగ్గు వేయించి, రంగులు పూయించి గోడకు అతికించే పద్ధతి నాకొద్దు. లెక్క ముగ్గులోంచే రావాలి. ఏ ముగ్గుతో మొదలుపెట్టాలి? పిల్లలు ఎక్కడ తప్పుతారు? మా సైన్స్ మేడమ్ గారు కలంకారీ నలుపును స్కూల్లోనే తయారుచేయించాలంటున్నారు, అది కుదిరే పనేనా?

జవాబు | సందుచుక్క

సార్, 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందుచుక్కతో (ఒక వరుస చుక్కల సందుల్లో పక్క వరుస చుక్కలు పడే ముగ్గు) మొదలుపెట్టండి. నడిమి వరుస 7, పైకీ కిందికీ 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. బొమ్మ గీయకముందే ఈ మొత్తం ఎంతో లెక్కకట్టమనండి. పండగకి వేసే 15 చుక్కలు, 8 వచ్చేవరకు అయితే 169. చివరి వరుస n, నడిమి వరుస 2n−1 అయినప్పుడే సమ షడ్భుజి వస్తుంది. 7 నుంచి 3 దాకా దిగితే రాదు. ఎందుకు రాదో పిల్లలతోనే చెప్పించండి.

తప్పు జరిగేది గళ్ల నోటుబుక్కులో. సందుచుక్కను గళ్ల మీద పెడితే వరుసల మధ్య దూరం చుక్కల మధ్య దూరంతో సమానమైపోతుంది, షడ్భుజి నిలువుగా సాగుతుంది. అప్పుడు 60 డిగ్రీలు తిప్పితే బొమ్మ తన మీద తాను కూర్చోదు. సౌష్ఠవ రేఖలు రెండే మిగులుతాయి, 180 డిగ్రీల భ్రమణం ఒక్కటే పనిచేస్తుంది. చుక్కల మధ్య 2 సెం.మీ. ఉంటే వరుసల మధ్య 1.7 సెం.మీ. ఉండాలి. నేల మీదైతే 10కి 8.7. ముళ్లు వేసిన తాడు ఒకటి, పుల్ల కొలత ఒకటి ముందే సిద్ధం చేసిపెట్టుకోండి.

సరిచూడటానికి నూనె కాగితం మీద ముగ్గు ఎత్తి, నడిమి చుక్కలో గుండుసూది గుచ్చి తిప్పించాలి. ఒక పూర్తి చుట్టులో ఎన్నిసార్లు సరిపోయిందో అదే భ్రమణ సౌష్ఠవ పరిమాణం. ఇది చేతులతో చేయించకపోతే ముగ్గు అలంకారంగానే మిగిలిపోతుంది. ఎదురుచుక్క ముగ్గు (చుక్కకు ఎదురుగా చుక్క; నడిమి వరుస 7, పైకీ కిందికీ 5, 3, 1, మొత్తం 25) మాత్రం గళ్ల కాగితానికి చక్కగా సరిపోతుంది, 90 డిగ్రీల భ్రమణానికి అదే వాడండి.

నలుగురికొక జట్టు, మొదటి పీరియడ్ కాగితం మీద, రెండోది వరండాలో. ముగ్గు పిండి దుమ్ము కొందరికి పడదు, సుద్దముక్కలు చాలు.

జవాబు | మెలిక

6వ తరగతి గ.సా.భా.కి (గరిష్ఠ సామాన్య భాజకం) మెలిక ముగ్గును మించింది లేదని నా గట్టి నమ్మకం. చతురస్రపు గళ్లలో 3 వరుసలు, వరుసకు 4 చుక్కలు పెట్టించండి. గీత చుక్కల మధ్యనుంచి ఏటవాలుగా పోవాలి, పక్కపక్క చుక్కల నడుమ సరిగ్గా మధ్యలో ఇంకో గీతను దాటాలి, అంచుకు రాగానే చుక్కను చుట్టి వెనక్కి తిరగాలి. సుద్ద ఎత్తకుండా మొదలుపెట్టిన చోటికే వస్తారు: ఒకే గీత. ఇప్పుడు 4 వరుసలు, వరుసకు 6. గీత మూసుకుంటుంది కానీ కొన్ని చుక్కల చుట్టూ ఇంకా ఖాళీ ఉంటుంది. అక్కడ రంగు మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు రంగులు పడతాయి. 3, 6 అయితే మూడు. 4, 4 అయితే నాలుగు. పట్టిక రాయిస్తే, రంగుల సంఖ్య ఆ రెండు సంఖ్యల గ.సా.భా. అని పిల్లలే పట్టుకుంటారు. ముందే చెప్పేయకండి, దయచేసి.

లెక్క తప్పిందంటే ఎక్కడో అంచు దగ్గర మలుపు తిరగకుండా రెండు గీతలు కలిపేసి ఉంటారు. వేలితో గీతను అనుసరింపజేస్తే దొరుకుతుంది.

జవాబు | కరక్కాయ

కలంకారీ నలుపు తప్పకుండా కుదురుతుంది. శ్రీకాళహస్తి కలం పనిలో ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి వారాలపాటు పులియబెట్టిన ద్రవంతో గీస్తారు. స్కూల్లో వెనిగర్ సులువు. 200 మి.లీ.లో గుప్పెడు పాత ఇనుప మేకులు వారం నానేయాలి. జింకు పూత మేకులు, స్టెయిన్‌లెస్ పీచు పనికిరావు. మూత బిగించకండి, హైడ్రోజన్ వస్తుంది. గుడ్డ కట్టి, మంటకు దూరంగా గాలి ఆడేచోట పెట్టాలి.

మీటరు నూలుగుడ్డను ఉడకబెట్టి గంజి పూర్తిగా వదిలించండి. అర లీటరు నీళ్లలో 50 గ్రాముల కరక్కాయ పొడి, పావు లీటరు పచ్చి గేదెపాలు కలిపి, గుడ్డను పావుగంట నానబెట్టి, పిండి ఎండలో ఆరేయాలి. పాలలో కొవ్వు తక్కువైతే గీత పాకిపోయి దూదిలా అవుతుంది, అందుకే ప్యాకెట్ టోన్డ్ పాలు వద్దు. వెదురు పుల్ల చివర ఉన్ని చుట్టి దారంతో కట్టిన కలంతో గీయించండి.

అసలు పాఠం ఇక్కడుంది: గీసిన వెంటనే గీత లేత బూడిదరంగులో ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌తో (వగరు పదార్థం) కలిసిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో ఆక్సీకరణం చెంది నలుపవుతుంది. కరక్కాయ పట్టించని గుడ్డముక్క మీద కూడా అదే ద్రవంతో గీయించండి. అక్కడ తుప్పు మరక తప్ప నలుపు రాదు. ఈ రెండో ముక్క లేకపోతే అది డ్రాయింగ్ క్లాసే, సైన్స్ కాదు. నలుపు పలచగా ఉంటే ముందు కరక్కాయను అనుమానించండి, పాత పొడి అయి ఉంటుంది. నిలవ ఉంచే గుడ్డను బాగా ఉతికించాలి, మిగిలిన ఆమ్లం గీత వెంట నూలును తినేస్తుంది.

జవాబు | సందుచుక్క

మార్కుల సంగతి కూడా ఆలోచించండి సార్. ముగ్గు అందానికి మార్కులు వేయకండి, గీయడం రాని పిల్లలు అన్యాయమైపోతారు. ఆరు రేకుల పువ్వు ఇచ్చి, రేకులకు ఒకటి విడిచి ఒకటి ఎరుపు, పసుపు వేస్తే భ్రమణ సౌష్ఠవ పరిమాణం ఎంత అవుతుందో అడగండి (6 కాస్తా 3 అవుతుంది). మూడు ఎదురెదురు జతలకు మూడు రంగులు వేస్తే ఏమవుతుందో కారణంతో రాయమనండి. ఆ కారణానికే మార్కులు.