ఆర్ద్ర నక్షత్రం మన కళ్లముందే పేలుతుందా? పిల్లలకు ఏం చెప్పాలి?

బ్రాడీపేట టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. మొన్న శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండుమందిని మా మేడ మీదకి రమ్మన్నాను. బ్రాడీపేటలో ఆకాశం అంతంతమాత్రం, వీధిలైట్ల వెలుగుకి పాలపుంత కనపడదు. అయినా ఈ రోజుల్లో తూర్పున వేటగాడి మండలం బాగానే కనిపిస్తుంది. మధ్యలో నిలువుగా మూడు చుక్కలు, ఎడమపక్క నిప్పుకణికలా ఆర్ద్ర, కుడిపక్క నీలం కలిసిన తెలుపులో రైజెల్. ఈ ఆర్ద్రనే ఇంగ్లీషు పుస్తకాలు బెటెల్‌జ్యూస్ అంటాయి.

ఒక అమ్మాయి అడిగింది: "టీచర్, అది పేలి బ్లాక్ హోల్ అవుతుందంట కదా, ఎప్పుడు?" ఇంకో లక్ష సంవత్సరాలు పట్టవచ్చని, బ్లాక్ హోల్ కాకపోవడానికే ఎక్కువ అవకాశమని చెప్పాను. పక్కనే ఉన్న మా తోటి మాస్టారు వెంటనే అడ్డుపడ్డారు. "2023లో వచ్చిన పరిశోధన పదుల ఏళ్లలోనే పేలొచ్చంది. లక్ష ఏళ్లంటే ఇక పిల్లలు తలెత్తి చూస్తారా?" అన్నారు. పిల్లల ముందు వాదన ఎందుకని ఊరుకున్నాను కానీ, రెండు రోజులుగా మనసులో అదే తిరుగుతోంది.

నా ఆధారం 2020లో మెరిడిత్ జాయిస్ బృందం వేసిన లెక్క. దాని ప్రకారం ఆర్ద్ర బరువు సూర్యుడికి 16 నుంచి 19 రెట్లు, గర్భంలో ఇంకా హీలియం మండుతోంది, పేలడానికి లక్ష ఏళ్ల దాకా పట్టవచ్చు. నేను చెప్పింది తప్పా? తప్పయితే వచ్చే శనివారం పిల్లల ముందు దిద్దుకుంటాను.

సత్యనారాయణపురం కుర్రాడు:

మేడమ్, మీ మాస్టారి వైపు నేనుంటాను. విజయవాడలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను, ఖగోళం అంటే పిచ్చి.

2023 నాటిది జపాన్‌కు చెందిన హిదెయుకి సాయో బృందం పని. ఆర్ద్ర వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని మీకు తెలుసు. అందులో ఒక లయ 400 రోజులకు కాస్త పైన, ఇంకోటి దాదాపు 2,100 రోజులు. అందరూ చిన్న లయనే నక్షత్రం అసలు ఊపిరి అంటారు. సాయో వాళ్లు పెద్దదే అసలుదన్నారు. పెద్ద గంట నెమ్మదిగా మోగినట్టు, అంత నెమ్మదిగా ఊగాలంటే నక్షత్రం చాలా పెద్దదై ఉండాలి, సూర్యుడి వ్యాసానికి వెయ్యి రెట్లకు పైగా. అంత ఉబ్బిందంటే హీలియం దశ దాటిపోయి కార్బన్ మండించే దశ చివర్లో ఉన్నట్టే. మన పాలపుంతలో తర్వాత పేలబోయేది ఇదే కావచ్చని వాళ్లే రాశారు.

1604 తర్వాత మన పాలపుంతలో మామూలు కంటికి స్పష్టంగా కనపడిన సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలుడు, ఒక్కటీ లేదు. నాలుగు వందల ఏళ్లు దాటింది. రేపు రాత్రే కావచ్చన్న ఆశ పిల్లలకు ఎందుకు ఇవ్వకూడదు?

గుణదల మేడమీద:

తమ్ముడూ, ఆశ ఇవ్వడం వేరు, ఆధారం ఇవ్వడం వేరు. ఈ నక్షత్రం నన్ను ఒకసారి నిజంగా కంగారుపెట్టింది, అది చెప్తాను.

2019 అక్టోబరు నుంచి ఆర్ద్ర మసకబారుతోందని వార్తలొచ్చాయి. నా దగ్గర అప్పుడు టెలిస్కోపు లేదు, మామూలు బైనాక్యులర్స్ ఉండేవి. రోజూ రాత్రి భోజనం చేశాక మేడెక్కి పక్క నక్షత్రాలతో పోల్చి నోటుబుక్కులో రాసేవాణ్ని. జనవరి మొదట్లో అది రోహిణి కన్నా తక్కువైంది. ఫిబ్రవరి రెండో వారానికి వేటగాడి రెండో భుజం మీది బెల్లాట్రిక్స్‌తో సమానమైపోయింది. రెండు భుజాలూ ఒకేలా ఉన్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. చిన్నప్పటి నుంచి చూసిన ఆకాశం కాదది. ఆ వారమంతా నిద్ర సరిగ్గా పట్టలేదు, పడుకున్నాక పేలుతుందేమోనని టెన్షన్.

పేలలేదు. ఏప్రిల్‌కి మళ్లీ వెలుగు వచ్చేసింది. తర్వాత 2021లో చిలీలోని పెద్ద టెలిస్కోపు తీసిన చిత్రాలతో కారణం బయటపడింది. నక్షత్రం పెద్ద గ్యాస్ ముద్దను బయటికి కక్కింది, అది చల్లబడి ధూళిగా మారి మన చూపుకు అడ్డొచ్చింది. చావు ముందు ఆయాసం అనుకున్నది ధూళి తెర.

ఇక నువ్వు చెప్పిన 2,100 రోజుల లయ. దానికి 2024లో రెండు బృందాలు విడివిడిగా ఇంకో కారణం చెప్పాయి: ఆర్ద్ర చుట్టూ ఒక చిన్న తోడు నక్షత్రం తిరుగుతోంది, ఆ తిరుగుడే ఈ లయ. 2025 జులైలో హవాయిలోని జెమిని నార్త్ టెలిస్కోపుతో స్టీవ్ హోవెల్ బృందం ఆ తోడును దాదాపు పట్టుకున్నామని ప్రకటించింది. సూర్యుడి కన్నా కాస్త బరువైన నక్షత్రం, ఆర్ద్రకు అతి దగ్గరగా ఉంది. తోడు నిజమైతే సాయో లెక్కకు పునాదే పోతుంది. నేను టీచర్ గారి పక్షం.

పొన్నూరు రైతుబిడ్డ:

అమ్మా, నాకు ఇంత లోతు తెలియదు. మా నాయనమ్మ ఆ మూడు చుక్కల్ని గొల్లకావడి అనేది, ఇప్పటికీ పొలం గట్టు మీద నిలబడి చూస్తే నాకు అదే పేరు వస్తుంది. "ఆర్ద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అనేది కూడా. మరి ఆ చుక్కే పోతే మా ఆర్ద్ర కార్తె ఏమవుతుంది? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా.

బ్రాడీపేట టీచరమ్మ:

నవ్వడమెందుకు బాబూ, మంచి ప్రశ్న. కార్తె ఆ చుక్క మీద ఆధారపడి లేదు. సూర్యుడు నడిచే దారిని 27 సమాన భాగాలు చేశారు, సూర్యుడు ఆర్ద్ర అనే భాగంలోకి వచ్చిన రోజు నుంచి కార్తె మొదలు. జూన్ 21, 22 ప్రాంతంలో వస్తుంది. చుక్క ఉన్నా పోయినా ఆ లెక్క మారదు, మీ నారుమళ్లకు ఢోకా లేదు.

ఇంకో సంగతి. కార్తె నడిచే రోజుల్లో సూర్యుడు ఆ వైపే ఉంటాడు కాబట్టి రాత్రిపూట ఆర్ద్ర కనిపించదు. సరిగ్గా అప్పుడు పేలితే పగటి ఆకాశంలో సూర్యుడికి కాస్త దూరంలో మెరిసే చుక్కగా చూడాల్సి వస్తుంది.

తెనాలి లెక్కల మాస్టారు:

ఇద్దరూ ఒక ముఖ్యమైన విషయం వదిలేశారు. నేను రిటైరయ్యాక ఇదే చదువుతున్నాను, ఓపిగ్గా వినండి.

పది, పదిహేను, ఇరవై సూర్యుల బరువున్న నక్షత్రం హైడ్రోజన్ మీద సుమారు కోటి ఏళ్లు బతుకుతుంది. హీలియం మీద పది లక్షల ఏళ్ల లెక్క. ఆ తర్వాత అంతా పరుగే. కార్బన్ కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల ఏళ్లు. నియాన్ ఏడాది అటూఇటూ. ఆక్సిజన్ కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్లు. చివరి సిలికాన్ కొన్ని రోజులు. ఆఖరికి మధ్యలో ఇనుము మిగులుతుంది. ఇనుమును మండిస్తే శక్తి రాదు, ఇంకా ఖర్చవుతుంది. ఆ ఇనుప ముద్ద చంద్రశేఖర్ హద్దుకు, అంటే సూర్యుడి బరువుకు 1.4 రెట్లకు, చేరేసరికి సెకను కూడా పట్టకుండా కూలిపోతుంది. 1930లో మన శాస్త్రవేత్త చంద్రశేఖర్ పంతొమ్మిదేళ్ల వయసులో ఇంగ్లండుకు పోయే ఓడలో కూర్చుని ఈ దారి పట్టాడు. ఆ లెక్క తెల్లమరుగుజ్జుల కోసం, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చిన్న నక్షత్రాల కోసం వేసింది, కానీ ఇక్కడా అదే హద్దు.

అసలు మెలిక ఇప్పుడు చెప్తా. కార్బన్ మండడం మొదలయ్యాక లోపల పుట్టే శక్తిలో ఎక్కువ భాగం న్యూట్రినోలుగా, అంటే దేనికీ చిక్కకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలుగా, నేరుగా బయటికి పోతుంది. పైపొరకు లోపలి సంగతి తెలిసి స్పందించడానికి వేల ఏళ్లు కావాలి. అంత టైమ్ నక్షత్రానికి ఉండదు. పొయ్యి మీద పెద్ద గంగాళంలో నీళ్లు పెట్టాం అనుకోండి, కింద మంట హెచ్చినా పై నీళ్లు వెంటనే కాగవు. అందుకని బయట నుంచి వెలుగు, రంగు చూసి "ఇది హీలియం దశ, ఇది కార్బన్ దశ" అని ఖాయంగా చెప్పడం కష్టం. కుర్రాడు చెప్పిన లెక్కయినా, టీచరమ్మ చెప్పిన లెక్కయినా పైపొరను చూసి లోపలిది ఊహించడమే.

అయినా రెంటికీ సమాన బరువు ఇవ్వలేను. నక్షత్రం ఎక్కువ కాలం గడిపేది హీలియం దశలోనే. మనం చూసిన క్షణం చివరి కొన్ని వందల ఏళ్లలోనే పడటం చాలా అరుదు. దానికి పెద్ద రుజువు కావాలి, అది ఇంకా రాలేదు. పైగా "పదుల ఏళ్లు" అన్న మాట కార్బన్ పూర్తిగా అయిపోయాక మిగిలే టైమ్‌కి సంబంధించింది. ఇవాళ్టి నుంచి లెక్కపెట్టేది కాదు. వార్తల్లో ఆ తేడా ఎగిరిపోయింది.

సత్యనారాయణపురం కుర్రాడు:

ఆ పదుల ఏళ్ల సంగతి నేనూ గమనించలేదు మాస్టారూ, మళ్లీ చదువుతాను.

కానీ ఇంకో వాదన మిగిలింది. బ్లాక్ హోల్ కాదని టీచర్ గారు అంత గట్టిగా ఎలా చెప్తారు? ఎన్6946-బీహెచ్1 సంగతి చూడండి. వేరే గెలాక్సీలో సూర్యుడికి 25 రెట్లున్న ఎర్ర మహానక్షత్రం. 2009లో కాస్త వెలిగి, తర్వాత కనపడకుండా పోయింది. పెద్ద పేలుడు లేదు. నేరుగా బ్లాక్ హోల్‌గా కూలిపోయిందన్నారు. ఆర్ద్ర కూడా చడీచప్పుడు లేకుండా మాయమైతే?

తెనాలి లెక్కల మాస్టారు:

మంచి పాయింట్. ఆ నక్షత్రం ఉన్నచోట జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు ఇంకా పరారుణ వెలుగు కనపడుతోంది, అందుకే అది బ్లాక్ హోల్ కాదు, రెండు నక్షత్రాల కలయిక అనేవాళ్లూ ఉన్నారు. ఆ తగువు తీరలేదు. ఆర్ద్ర బరువు 16 నుంచి 19 అయితే న్యూట్రాన్ నక్షత్రం, అంటే పేలుడు తర్వాత మిగిలే బాగా చిక్కటి చిన్న ముద్ద, మిగలడానికే ఎక్కువ అవకాశం. 1987లో కనపడిన ఎస్‌ఎన్ 1987ఏ అనే సూపర్‌నోవాలో పేలిన నక్షత్రం కూడా ఇరవై సూర్యుల లెక్కే. అక్కడ న్యూట్రాన్ నక్షత్రం ఉన్నట్టు 2024లో వెబ్ ద్వారా గట్టి ఆధారం దొరికింది. "కాదు" అనొద్దు టీచరమ్మా, "కాకపోవచ్చు" చాలు. మీరు అన్నదీ అదే.

పటమట అక్క:

మీరంతా ఎప్పుడు పేలుతుందని అడుగుతున్నారు, ఎప్పుడో పేలిపోయి ఉంటుంది, వెలుగు ఇంకా మన దాకా రాలేదంతే అని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?

తెనాలి లెక్కల మాస్టారు:

అమ్మా, ఆర్ద్ర దూరం 500 నుంచి 700 కాంతి సంవత్సరాల మధ్య. ఇవాళ మన కంటికి తగిలే వెలుగు అక్కడ బయల్దేరింది సుమారుగా కొండవీటి రెడ్డిరాజుల కాలంలో. ఆ మధ్యలో పేలి ఉండటం సాధ్యమే. కానీ లక్ష ఏళ్ల లెక్క ముందు ఆరువందల ఏళ్లు ఎంత? నూటికి ఒక వంతు కూడా లేదు. "ఉండొచ్చు" అని మీ అబ్బాయికి చెప్పండి, "ఉంటుంది" అనడానికి మాత్రం ఆధారం లేదు.

దూరం కూడా ఇంత వదులుగా ఉండటానికి కారణం ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం ఎంత జరిగినట్టు కనపడుతుందో కొలిచి దూరం కడతారు. ఆర్ద్ర బింబం ఆ జరుగుడు కన్నా ఎన్నో రెట్లు పెద్దది, పైగా దాని మీద వేడి మచ్చలు కదులుతూ ఉంటాయి. పెద్ద బండ ఎటు ఎంత కదిలిందో దాని మీద పాకే చీమను చూసి చెప్పమన్నట్టు.

గుణదల మేడమీద:

భయపడేవాళ్ల కోసం ఒక మాట. సూపర్‌నోవా మనకు ప్రమాదం కావాలంటే కొన్ని పదుల కాంతి సంవత్సరాల లోపల ఉండాలి. ఆర్ద్ర ఎంతో దూరం. పేలితే అర్ధచంద్రుడంత వెలుగు ఒక్క చుక్కలో, కొన్ని నెలలు పగలూ కనపడుతుంది. వెలుగు కన్నా గంటల ముందే న్యూట్రినోలు వస్తాయి. 1987లో మూడు చోట్ల డిటెక్టర్లకు కలిపి పాతిక దాకా చిక్కాయి.

ఇంకోటి, నాకు బాగా ఇష్టమైనది. ఆర్ద్ర సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తూ, తను విసిరే గాలితో ముందున్న నక్షత్రాంతర వాయువును తోసుకుపోతోంది. ప్రకాశం బ్యారేజీ స్తంభాల దగ్గర వరదనీళ్లు వంపు తిరిగినట్టు, దాని ముందు ధూళి వంపులు హెర్షెల్ టెలిస్కోపు చిత్రాల్లో స్పష్టంగా ఉన్నాయి. ఆ వంపులకు ముందు నిటారుగా ఒక ధూళి గోడ ఉంది. దాదాపు 5,000 ఏళ్లలో ఈ వంపులు దాన్ని ఢీకొంటాయని అంచనా. పిల్లలకు పేలుడే చెప్పనక్కర్లేదు మేడమ్, ఇదీ చెప్పండి.

బ్రాడీపేట టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. ఈ పేజీ మా మాస్టారికి చూపించాను. తోడు నక్షత్రం సంగతి ఆయనకు కొత్త. "సరే, లక్ష ఏళ్లు ఎక్కువ నమ్మదగ్గది, కానీ లోపల ఏముందో బయటికి తెలియదన్న మాట కూడా చెప్పాలి" అన్నారు. నేను శనివారం చెప్పనిది అదే. నా తప్పు ఒప్పుకుంటున్నాను.

ప్రశ్న అడిగిన అమ్మాయి ఇవాళ స్కూలుకి నోటుబుక్కు తెచ్చింది. మొదటి పేజీలో తేదీ, టైమ్ వేసి "ఆర్ద్ర: రోహిణి కన్నా ఎక్కువ, ప్రోసియన్ కన్నా కొంచెం తక్కువ" అని రాసుకుంది. కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టింది. రోజూ రాస్తానంటోంది. గుణదల గారూ, మీ 2020 నోటుబుక్కు ఇంకా ఉందా? ఆ పేజీల ఫోటోలు పంపితే పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

గుణదల మేడమీద:

ఉందమ్మా. అల్మరాలో పై అరలో ఉంది, రేపు తీసి పంపిస్తాను. ఫిబ్రవరి 11 పేజీలో కాస్త టీ మరక ఉంటుంది, అంకెలు మాత్రం చదవొచ్చు.